ఈస్ట్ ట్రాయ్ బండి మీద తెగని పంచాయితీ

మిల్వాకీ నుంచి కారులో గంట వెళ్తే ఎల్క్‌హార్ట్ లేక్ వస్తుంది. అక్కడే రోడ్ అమెరికా అనే రేస్ ట్రాక్ ఉంది. ఒక రౌండు నాలుగు మైళ్లు, పద్నాలుగు మలుపులు. ఎండాకాలం మొదట్లో మోటోఅమెరికా బైక్ రేసులు చూద్దామని నేనూ, మా అపార్ట్‌మెంట్‌లో ఉండే ఇద్దరు తెలుగు కుర్రాళ్లూ పులిహోర డబ్బా కట్టించుకుని వెళ్లాం. రేసు బాగానే జరిగింది కానీ మాకు అసలు తమాషా పార్కింగ్ మైదానంలో దొరికింది.

అక్కడ ఒక ఎర్ర బండి చుట్టూ ఏడెనిమిది మంది మూగి వాదించుకుంటున్నారు. మన ఊళ్లో రచ్చబండ దగ్గర చిరంజీవి గొప్పా, బాలకృష్ణ గొప్పా అని అర్ధరాత్రి దాకా సాగే వాదన చూశారు కదా, సరిగ్గా అదే వరస. బండి మీద ఈబీఆర్ 1190ఆర్‌ఎక్స్ అని ఉంది. యజమాని ఎవరా అని తొంగి చూస్తే మా సైట్‌లో స్టీలు పని చూసే ఫోర్‌మన్! యాభై దాటిన మనిషి. అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడడు. అలాంటివాడు చేతులు తిప్పుతూ గట్టిగా వాదిస్తున్నాడు. ఆ బండ్లు తయారైన ఫ్యాక్టరీలో 2015 దాకా పనిచేశాడని నాకు ఆ రోజే తెలిసింది.

నాతో వచ్చిన కుర్రాళ్లలో ఒకడికి యమహా ఉంది. వాడు ఊరుకోలేదు. "అన్నా, ఈ బండిని చూసి మురిసిపోవడమే గానీ కొనేవాడెవడు? రేసుల పిచ్చిలో పడి కంపెనీ మూతపడింది. పార్టు పోతే ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు. నేను ఇంగ్లిష్‌లో చెప్పేసరికి ఫోర్‌మన్ నవ్వి, "రేసు లేకపోతే ఆ కంపెనీ పుట్టేదే కాదు" అన్నాడు. ఇద్దరి మాటా నిజమే కావడంతో నాకు రెండు రోజులు నిద్ర సరిగా పట్టలేదు. దానికి ఇంకో కారణం కూడా ఉంది. అది చివర్లో చెబుతాను.

పుట్టుకే రేసుతో

ఎరిక్ బ్యూల్ అనే ఆయన హార్లే డేవిడ్‌సన్‌లో ఇంజినీరు, స్వతహాగా రేసర్. 1983లో సొంతంగా ఆర్‌డబ్ల్యూ750 అనే రేసు బండి కట్టాడు. దాన్ని ఏఎంఏ ఫార్ములా వన్ తరగతి కోసం చేశాడు. బండి ఒక రూపానికి వచ్చేసరికి, 1985 సీజన్ తర్వాత ఆ తరగతినే రద్దు చేశారు. ఇంకొకరైతే అక్కడితో దుకాణం సర్దేసేవారు. ఆయన మాత్రం హార్లేలో మిగిలిపోయిన ఇంజిన్లు తీసుకుని ఆర్‌ఆర్1000 అనే బండి తయారు చేశాడు.

మిల్వాకీకి నైరుతి దిక్కున ఈస్ట్ ట్రాయ్ అని చిన్న ఊరు. ఫ్యాక్టరీ అక్కడే. 1993లో హార్లే 49 శాతం వాటా కొంది, తర్వాత మొత్తం తనే తీసుకుంది. మూతపడేనాటికి లక్షా ముప్పై వేలకు పైగా బ్యూల్ బండ్లు రోడ్డెక్కాయి. మనకు పెద్ద సంఖ్యగా కనపడవచ్చు. ఇరవై ఆరేళ్ల లెక్క అది. ఇండియాలో హీరోకు అన్ని బండ్లు అమ్మడానికి నెల అక్కర్లేదు.

2009 తగాదా

ఫోర్‌మన్‌కు కోపం తెప్పించాలంటే 2009 సంగతి ఎత్తితే చాలు. ఆ ఏడాది అమెరికాలో డేటోనా స్పోర్ట్‌బైక్ అనే తరగతిలో డానీ ఎస్లిక్ బ్యూల్ 1125ఆర్ మీద చాంపియన్ అయ్యాడు. పోటీలో ఉన్న జపాన్ బండ్లు 600 సీసీ. దీనికేమో 1125 సీసీ! ఆరో తరగతి పిల్లల కబడ్డీలో డిగ్రీ కుర్రాణ్ని దింపినట్టుందని అభిమానులు మండిపడ్డారు.

వినడానికి అన్యాయంగానే ఉంటుంది. కానీ లోపలికి వెళ్తే కథ వేరు. జపాన్ 600లకు నాలుగు సిలిండర్లు. చిన్న చిన్న పిస్టన్లు కాబట్టి చాలా వేగంగా తిరుగుతాయి, ఆ తిరుగుడులోనే బలం పుడుతుంది. బ్యూల్‌కు రెండే సిలిండర్లు. పెద్ద పిస్టన్లు అంత వేగంగా తిరగలేవు కాబట్టి సీసీ ఎక్కువ ఇస్తారు. ప్రపంచ సూపర్‌బైక్ పోటీల్లోనూ ఇదే పద్ధతి. నాలుగు సిలిండర్లకు 750 హద్దుగా ఉన్న రోజుల్లో రెండు సిలిండర్లకు 1000 దాకా ఒప్పుకున్నారు. 2008లో 1000కి 1200 చేశారు. డుకాటీ దశాబ్దాలుగా ఈ వెసులుబాటు మీదే గెలిచింది. అయితే 600కి ఎదురుగా 1125 అంటే దాదాపు రెట్టింపు. అది మరీ ఎక్కువేనని నా అభిప్రాయం. ఫోర్‌మన్ ముందు మాత్రం అనలేదు.

అదే ఏడాది బ్యూల్ వాళ్లు 1125ఆర్‌ఆర్ అని అచ్చంగా రేసుకే ఒక సూపర్‌బైక్ తెచ్చారు. పెద్ద తరగతిలో 1000 సీసీ బండ్లతో తలపడటానికి. మామూలు బ్యూల్‌కు ఉండే బెల్టు తీసేసి దీనికి చైను పెట్టారు. ధర సుమారు 40 వేల డాలర్లు, పైగా రోడ్డు మీద నడపడానికి వీల్లేదు. అభిమానులు మళ్లీ రెండుగా చీలిపోయారు. "ఇన్నాళ్లకు అమెరికా బండి పెద్దవాళ్లతో పోటీకి దిగింది" అని ఒకరు, "సామాన్యుడు కొనే బండిలో లోపాలు సరిచేయకుండా ఈ షోకు ఎందుకు" అని ఒకరు. ఆ వాదన ఇంకా వేడిగా ఉండగానే, 2009 అక్టోబరు 15న, బ్యూల్‌ను మూసేస్తున్నట్టు హార్లే ప్రకటించింది. దాదాపు 180 ఉద్యోగాలు పోయాయి. ఆ రోజు వీడియోలో మాట్లాడుతూ ఎరిక్ బ్యూల్ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఫోర్‌మన్ ఆ ముక్క చెప్పి కాసేపు బండి అద్దం తుడుస్తూ ఉండిపోయాడు.

ఒక్క డిస్కు కథ

నన్ను ఎక్కువసేపు ఆపింది ముందు చక్రం. మన పల్సర్‌కు డిస్కు చక్రం మధ్యలో బోల్టులతో ఉంటుంది కదా. దీనికి చక్రం అంచునే, రిమ్ములోపల బిగించి ఉంది. భోజనం పళ్లెం కంటే పెద్దది, 386 మిల్లీమీటర్లు. రేసు బండ్లన్నిటికీ ముందు రెండు డిస్కులుంటే దీనికి ఒక్కటే.

బ్రేకు వేసినప్పుడు ఆ బలం మామూలుగా చక్రం మధ్య నుంచి పుల్లల ద్వారా టైరుకు చేరాలి. అందుకని పుల్లలు మందంగా ఉండాలి. డిస్కునే అంచున పెడితే బలం నేరుగా టైరుకు పోతుంది, పుల్లలు సన్నగా చేసి బరువు తగ్గించవచ్చు. బీము లేకుండా లోడును నేరుగా పిల్లరు మీదికి దించినట్టు. సివిల్ వాణ్ని కాబట్టి నాకు చూడగానే ముచ్చటేసింది. యమహా కుర్రాడు ఒప్పుకోలేదు. "ఒక్క డిస్కు అంటే వేడంతా ఒక్కదాని మీదే. అరిగిపోతే ఏ షాపులో దొరుకుతుందన్నా?" అన్నాడు. వాడిదీ సబబే. అన్నట్టు దీనికి పెట్రోలు ట్యాంకు ఉండాల్సిన చోట ట్యాంకు ఉండదు. పెట్రోలు ఫ్రేములోనే పోస్తారు. ఇన్ని వింతలు ఒక్క బండిలో పెట్టినవాడు మొండివాడై ఉండాలి.

మన డబ్బు కూడా

హార్లే మూసేసిన నెలకే ఆయన ఎరిక్ బ్యూల్ రేసింగ్ పేరుతో ఈస్ట్ ట్రాయ్‌లోనే కొత్త కంపెనీ పెట్టాడు. ఈబీఆర్ అంటే అదే. 2011లో 1190ఆర్‌ఎస్ వచ్చింది. అది మళ్లీ 40 వేల డాలర్ల దగ్గరి బండి. ఇక్కడే మనవాళ్లు రంగంలోకి దిగారు. హోండాతో తెగతెంపులు చేసుకున్న హీరోకు సొంతంగా ఇంజిన్లు, బండ్లు డిజైన్ చేసేవాళ్లు కావాలి. 2012లో ఈబీఆర్‌తో ఒప్పందం చేసుకుంది. ఆ ఏడాది అమెరికా రేసుల్లో ఈబీఆర్ బండ్ల మీద హీరో పేరు కనపడింది. 2013లో రెండున్నర కోట్ల డాలర్లతో 49.2 శాతం వాటా కొంది.

ఆ వార్త వచ్చినప్పుడు నేను హైదరాబాద్‌లో సైటు చూస్తున్నాను. మా నాన్న గుంటూరులో పన్నెండేళ్లు నడిపిన స్ప్లెండర్ మీదే నేను డిప్లొమా కాలేజీకి వెళ్లాను. అలాంటి కంపెనీ అమెరికాలో సూపర్‌బైక్ కడుతోందంటే ఛాతీ పొంగింది. 2013 అక్టోబరులో 1190ఆర్‌ఎక్స్ వచ్చింది. 185 హార్స్‌పవర్, 18,995 డాలర్లు. ముందు బండి ధరలో సగం కూడా లేదు. 2014 ఫిబ్రవరిలో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో ఈబీఆర్ సాయంతో చేసిన హెచ్‌ఎక్స్250ఆర్‌ను హీరో చూపించింది. నేను దానికోసం డబ్బు దాచడం కూడా మొదలుపెట్టాను. ఆ బండి షోరూముకు రానే లేదు.

2014లో ఈబీఆర్ ఏకంగా ప్రపంచ సూపర్‌బైక్ పోటీలకు వెళ్లింది. జెఫ్ మే, ఆరన్ యేట్స్ రైడర్లు. కవాసాకీ, డుకాటీ, అప్రిలియా లాంటివాళ్ల మధ్య, పాయింట్లు వచ్చే మొదటి పదిహేను స్థానాల్లోకి రావడమే గగనమైపోయింది. సగం ప్రపంచం తిరగాలి. ట్రక్కులు, టైర్లు, మనుషులు, విమానం చార్జీలు. 2015లో మళ్లీ వెళ్లారు. ఏప్రిల్ 15న కంపెనీ పనులు ఆపేసి కోర్టు మెట్లెక్కింది. అప్పులు సుమారు రెండు కోట్ల డాలర్లు. నూట ఇరవై మందికి పైగా రోడ్డున పడ్డారు. వాళ్లలో మా ఫోర్‌మన్ ఒకడు. "పొద్దున మామూలుగా పనికెళ్లాను, మధ్యాహ్నానికి టూల్‌బాక్సు కారులో ఉంది" అన్నాడు.

ఈ అనుభవం నాకూ ఉంది. హైదరాబాద్‌లో నేను పనిచేసిన చిన్న కాంట్రాక్టరు (పేరు అనవసరం) తన తాహతుకు మించిన టవర్ పని ఒప్పుకున్నాడు. మనిషి మంచివాడు, పని తెలిసినవాడు. అడ్వాన్సు డబ్బు మొదటి మూడు స్లాబులకే అయిపోయింది. బిల్లు పాసయ్యేలోగా సిమెంటు వాడు సరుకు ఆపాడు. నాలుగు నెలల జీతం నాకు ఇప్పటికీ రాలేదు. ఫ్యాక్టరీ సంగతి వింటుంటే ఆ సైటులో తుప్పు పట్టి నిలబడిన చువ్వలే కళ్లముందు కదిలాయి.

అందుకే నేను యమహా కుర్రాడితో పూర్తిగా ఏకీభవించలేను, ఫోర్‌మన్‌తోనూ కాను. అమెరికా గడ్డ మీద వారానికొక రేసు ఆడితే ఎవరూ తప్పుపట్టరు. బండి కొన్నవాడికి పక్క ఊళ్లో మెకానిక్ లేకముందే ఆస్ట్రేలియా, యూరప్ తిరగడమే కొంప ముంచిందని నాకు అనిపిస్తుంది. నేనిలా అంటే ఫోర్‌మన్ వెంటనే, "ప్రపంచ పోటీలో కనపడకపోతే డీలరు వస్తాడా?" అని ఎదురడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత వేలంలో కొన్న ఇంకో సంస్థ 2016లో ఫ్యాక్టరీ తెరిచి, 2017 మొదట్లో మళ్లీ మూసింది. 2021లో బ్యూల్ పేరు మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్ నుంచి మళ్లీ వినపడింది. ఎరిక్ బ్యూల్ అందులో లేడు. ఇక హీరో 2020లో చేతులు కలిపింది ఎవరితోనో తెలుసా? బ్యూల్‌ను మూసేసిన హార్లేతోనే! 2023లో వచ్చిన హార్లే ఎక్స్440 తయారీ రాజస్థాన్‌లోని హీరో ఫ్యాక్టరీలో. ఈ సంగతి చెబితే ఫోర్‌మన్ నమ్మలేదు, ఫోన్‌లో ఫొటో చూపించాల్సి వచ్చింది. చూసి ఏమీ అనకుండా ఫోన్ తిరిగి ఇచ్చేశాడు.

ఇక నిద్ర పట్టకపోవడానికి రెండో కారణం. ఫోర్‌మన్‌కు మోకాళ్లు సహకరించడం లేదట. బండి అమ్మేస్తానన్నాడు. ఏడు వేల డాలర్లు అడిగాడు. గ్యారేజీలో రెండు డబ్బాల విడిభాగాలు, ఒక ముందు డిస్కు కూడా ఇస్తానన్నాడు. "ఇవి అయిపోతే?" అని అడిగాను. "అయిపోయేలోగా నీ మోకాళ్లు కూడా పోతాయిలే" అన్నాడు.

శనివారం ఈస్ట్ ట్రాయ్ వెళ్లి స్టార్ట్ చేసి చూడాలి. మా ఆవిడకు ఇంకా చెప్పలేదు. ఈ పేజీ ఆమె ప్రతివారం చదువుతుంది.