సెల్ఫ్ తిరుగుతుంది, బండి పలకదు: నిప్పు ఎక్కడ ఆగింది?

బోరంచ (నారాయణఖేడ్): పాత పెట్రోలు కారు మొరాయించడానికి వేళాపాళా ఉండదు. ఆసుపత్రికి బయల్దేరిన అర్ధరాత్రి అయినా, నల్లపోచమ్మ తల్లికి మొక్కు చెల్లించుకుని ఇంటిముఖం పట్టిన సాయంత్రం అయినా దానికి ఒకటే. సెల్ఫ్ గిర్రున తిరుగుతుంది, ఇంజను మాత్రం పలకదు. నలుగురు చేరి తోస్తారు. తోసినవారికి చెమట పట్టడమే గాని ఫలితం ఉండదు. నారాయణఖేడ్‌కు కబురు పంపి మెకానిక్‌ను రప్పిస్తే, ఆయన బానెట్ ఎత్తీ ఎత్తకముందే ‘కాయిల్ పోయింది పటేలా, కొత్తది వెయ్యాలె’ అంటాడు. కాయిల్ మారుతుంది. ఒక్కొక్కసారి బండి అప్పటికీ కదలదు. ఆ తర్వాత కండెన్సర్, ఆపైన ప్లగ్గులు. తీరా చూస్తే డిస్ట్రిబ్యూటర్ మూతలో చేరిన తేమే అసలు కారణమని తేలుతుంది. గుడ్డపేలికతో తుడిస్తే పోయేదానికి వందల రూపాయల సామాను మారిపోయింది.

మెకానిక్కులందరూ ఇలాంటివారని కాదు. తెలిసినవాడు ముందు చిన్న బల్బు, రెండు మూరల వైరు తీసి పరీక్షిస్తాడు. ఆ పరీక్ష ఏమిటో బండి యజమానికి కూడా తెలిసి ఉంటే, బాగున్న సామాను పారేయవలసిన పని తప్పుతుంది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడా కర్మాగారంలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే ఆగింది. ఈ బండ్లకు మంచి సామాను దొరకడమే కష్టమైన రోజుల్లో, ఉన్నదాన్ని ఊరికే మార్చడం దండుగ.

మొదట తేల్చుకోవలసింది లోపం పెట్రోలుదా, నిప్పుదా అన్నది. కొంతసేపు సెల్ఫ్ కొట్టి ఒక ప్లగ్గు విప్పి చూడాలి. పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదని అనుమానించాలి. తడిసి పెట్రోలు వాసన కొడుతుంటే నిప్పు పడటం లేదన్నమాట. డీజిల్ అంబాసిడర్లకు ఈ గొడవ లేదు, వాటికి నిప్పు ప్లగ్గే ఉండదు.

12 వోల్టులు వేల వోల్టులయ్యే తీరు

బ్యాటరీలో ఉన్నది 12 వోల్టులే. ప్లగ్గు చివర సందు దాటి నిప్పురవ్వ దూకాలంటే వేల వోల్టులు కావాలి. ఈ పెంపు చేసేది కాయిల్. పంపుసెట్టు పైపులో నీళ్లు జోరుగా పారుతుండగా వాల్వు ఠక్కున మూస్తే పైపు ధడేలుమని అదురుతుంది. కాయిల్‌లో జరిగేదీ ఇంచుమించు అదే. దాని మొదటి చుట్టలో పారే కరెంటును డిస్ట్రిబ్యూటర్‌లోని సి.బి. పాయింట్లు ఒక్కసారిగా తెంపుతాయి. ఆ తెగిన క్షణంలో రెండో చుట్టలో వేల వోల్టులు లేస్తాయి. కనుక పాయింట్లు కలిసి ఉన్నప్పుడు నిప్పు రాదు, విడిపోయేటప్పుడే వస్తుంది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ 1910 ప్రాంతంలో రూపొందించిన ఈ ఏర్పాటే పాత అంబాసిడర్లు, పద్మినుల దాకా పెద్దగా మారకుండా నడిచింది.

నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే, ఆ పాయింట్లు నిమిషానికి 6000 సార్లు, అంటే సెకనుకు 100 సార్లు విడిపోతాయి. అరిగేది, మాడేది ముందు అవే కావడంలో వింత లేదు.

నడుమ వైరు చెప్పే మాట

చివరి మడికి నీళ్లు రాకపోతే రైతు తూము నుంచి మడి దాకా అడుగడుగూ తవ్వడు. కాలువ నడుమకు పోయి చూస్తాడు. అక్కడ నీళ్లుంటే గండి కింద ఉంది, లేకుంటే పైన ఉంది. కారులో ఆ నడుమ చోటు కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ మూత మధ్యలోకి వచ్చే లావు వైరు.

ఆ వైరును మూత నుంచి పీకి, రబ్బరు పిడి ఉన్న పటకారుతో పట్టుకుని, దాని కొనను ఇంజను ఇనుముకు పావు అంగుళం దూరంలో ఉంచాలి. తాళం తిప్పి మరొకరు సెల్ఫ్ కొట్టాలి. బండి న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్‌బ్రేకు వేసి ఉండాలి. విప్పిన ప్లగ్గును ముందుగా బిగించాలి. ఒలికిన పెట్రోలు గాని, వాసన గాని దగ్గరలో ఉంటే ఈ పని మొదలుపెట్టనే కూడదు. వట్టి చేత్తో పట్టుకుంటే గట్టి షాకు తగులుతుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు దూరంగా ఉండాలి. కంప్యూటరుతో నడిచే కొత్త కార్లలో ఈ విధంగా వైరు పీకి చూడరాదు, ఖరీదైన ఎలక్ట్రానిక్ పెట్టె కాలిపోవచ్చు.

నీలిరంగు నిప్పు టపటపమని దూకితే కాయిల్, పాయింట్లు, కండెన్సర్ అన్నీ బాగున్నట్లే. వాటి జోలికి పోనక్కరలేదు. లోపం అక్కడి నుంచి ప్లగ్గుల వైపు ఉంది. మూత లోపల తేమ, సన్నని పగులు, పెన్సిల్ గీతలాంటి నల్లని చార ఉన్నాయేమో చూడాలి. ఆ చార వెంటే కరెంటు దొంగదారి పడుతుంది. మంజీర ఒడ్డున చలికాలపు మంచు దిగిన తెల్లవారుజామున బండి పలకకుండా, ఎండ ఎక్కాక తనంతట తాను స్టార్ట్ అయితే తేమనే అనుమానించాలి. మూత మధ్యలోని చిన్న బొగ్గుముక్క అరిగిందేమో, విరిగిందేమో కూడా చూడాలి. ఇక రోటర్ పైకి శుభ్రంగా కనబడుతూ లోలోపల పగిలి, నిప్పును ఇరుసులోకి వదిలేస్తుంది. మూత తీసి, అదే లావు వైరు కొనను రోటర్ ఇత్తడి పట్టీకి కొంచెం ఎత్తులో పట్టుకుని సెల్ఫ్ కొడితే గుట్టు బయటపడుతుంది. నిప్పు రోటర్ మీదికి పదేపదే దూకితే రోటర్ చెడిందన్నమాటే. మంచి రోటర్‌కు నిప్పు పోవడానికి దారి ఉండదు.

బల్బు పరీక్ష

నడుమ వైరు దగ్గరే నిప్పు లేకపోతే లోపం వెనుక ఉంది. ఇక్కడే తొందరపడి కాయిల్ మారుస్తారు. సెల్ఫ్ హుషారుగా తిరుగుతోంది కనుక బ్యాటరీని అనుమానించే పని లేదు. పార్కింగ్ లైటుకు వాడే చిన్న 12 వోల్టుల బల్బుకు రెండు వైర్లు కట్టి, ఒక కొనను బాడీ ఇనుముకు ఆనించాలి. హెడ్‌లైట్ బల్బు ఇందుకు పనికిరాదు.

లూకాస్ రకం కాయిల్ మీద రెండు చిన్న కొనలకు ఎస్.డబ్ల్యు., సి.బి. అని గుర్తులుంటాయి. ఒకటి తాళం వైపుది, రెండోది పాయింట్ల వైపుది. తాళం తిప్పి బల్బు రెండో కొనను ఎస్.డబ్ల్యు.కు ఆనిస్తే వెలగాలి. వెలగకపోతే కాయిల్‌దాకా కరెంటే రావడం లేదు. తాళం స్విచ్చినీ, దాని వైర్లనూ చూసుకోవాలి.

ఎస్.డబ్ల్యు. దగ్గర వెలిగితే బల్బును సి.బి. కొనకు మార్చి, ఇంజనును మెల్లగా తిప్పించాలి. పాయింట్లు విడిపోయినప్పుడు బల్బు వెలగాలి, కలిసినప్పుడు ఆరాలి. ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలవడం లేదు, లేదా కలిసినా మధ్యలో నూనె, మసి అడ్డుపడుతున్నాయి. డిస్ట్రిబ్యూటర్ లోపలి సన్నని వైరు తెగినా ఇలాగే ఉంటుంది. ఆ వైరు పైతొడుగు బాగానే ఉండి లోపల తెగుతుంది, చూసినవాడిని సైతం మోసం చేస్తుంది.

ఎప్పుడూ వెలగకపోతే సి.బి. కొన నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు పోయే వైరు విప్పి, బల్బును మళ్లీ అదే కొనకు ఆనించాలి. అప్పటికీ వెలగకపోతే కాయిల్ మొదటి చుట్ట తెగింది. అప్పుడు మాత్రం కాయిల్ కొనక తప్పదు. వైరు విప్పగానే వెలిగితే కాయిల్ చుట్టకు తెంపు లేదు. డిస్ట్రిబ్యూటర్‌లో కరెంటు ఎక్కడో ఇనుముకు తాకుతోంది, లేదా పాయింట్లు అసలు విడిపోవడం లేదు. కండెన్సర్ షార్ట్ అయి ఉండవచ్చు. పాయింట్లు మార్చిన వెంటనే బండి ఆగిపోయిందంటే, బిగించేటప్పుడు ఫైబర్ వాషరు తారుమారై ఉంటుంది. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టని బండి అయితే పాయింటు ఫైబర్ మడమ అరిగి, సందు పూర్తిగా మూసుకుపోయి ఉంటుంది.

బల్బు సరిగా వెలిగి ఆరుతున్నా నడుమ వైరుకు నిప్పు లేకపోతే, లేదా పసుపుపచ్చని నీరసపు నిప్పు వస్తుంటే, కండెన్సర్ మార్చి చూడాలి. పాయింట్లు నల్లగా మాడి ఉండడం దానికి మరో ఆనవాలు. కొత్త కండెన్సర్‌తోనూ మార్పు లేకపోతే కాయిల్ రెండో చుట్టనూ, ఆ లావు వైరునూ అనుమానించాలి.

పాయింట్లను సన్నని గరుకు కాగితంతో తుడిచి, శుభ్రమైన గుడ్డతో పొడి పోగొట్టాలి. పాత 1489 సి.సి. అంబాసిడర్‌కు పాయింట్లు పూర్తిగా విడిపోయినప్పటి సందు 14 నుంచి 16 థౌ, ప్లగ్గు సందు 25 థౌ. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఫీలర్ గేజీ లేనిచోట ప్లగ్గుకు హ్యాక్‌సా బ్లేడు అక్కరకు వస్తుంది. పళ్లు లేని వైపున దాని మందం దాదాపు 25 థౌ ఉంటుంది. ప్లగ్గుల వైర్లు పీకినవారు వాటిని అదే వరుసలో పెట్టాలి. ఈ ఇంజనుకు నిప్పు వరుస 1, 3, 4, 2. తారుమారైతే మంచి నిప్పు ఉన్నా బండి పేలుతుంది గాని నడవదు.

హ్యాండిల్‌తో తిప్పేవారు బొటనవేలును మిగతా వేళ్ల వైపే ఉంచాలి. హ్యాండిల్‌ను చుట్టి పట్టుకుంటే, ఇంజను వెనక్కి తన్నినప్పుడు వేలో మణికట్టో విరుగుతుంది. పరీక్ష కాగానే తాళం తీసెయ్యాలి. ఇంజను తిరగకుండా, పాయింట్లు కలిసి ఉన్న స్థితిలో తాళం అలాగే వదిలితే కాయిల్‌లో కరెంటు ఆగకుండా పారి అది వేడెక్కుతుంది. బాగున్న కాయిల్ నిజంగానే పోయేది అప్పుడు.