కోర్టు గడువు ఎవరి కోసమూ ఆగదు
వకీలును అడిగితే సరిపోదు, జవాబు వేళకు రావాలి

హిందూపురం: ధర్మవరంలో మగ్గం నేసే కార్మికునికి ప్రోనోటు బాకీ మీద, పెనుకొండ పక్క పల్లె రైతుకు గట్టు తగాదా మీద కోర్టు సమన్లు వస్తే ఇల్లంతా కలవరపడుతుంది. వెనుకటి రోజుల్లో బస్సెక్కి వచ్చి వకీలు గుమస్తాను అడిగేవారు. ఇప్పుడు చదువుకున్న పిల్లలు సెల్‌ఫోనులో వకీలు వెబ్‌సైటు చూసి సంగతి రాసి పంపుతున్నారు. పంపాం కదా అని ఊరుకుంటే మాత్రం చిక్కే.

సివిలు దావాలో సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. తగిన కారణం చూపితే కోర్టు 90 రోజుల వరకు అనుమతించవచ్చు. పట్టించుకోకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ కావచ్చు. డిక్రీపై జిల్లా కోర్టులో అప్పీలుకు గడువు కూడా 30 రోజులే. వకీలు బదులు కోసం పదిహేను రోజులు కాచుకుంటే సగం గడువు గడిచిపోయినట్లే.

వకీళ్లు ప్రకటనలు ఇచ్చుకోరాదు. అయితే పేరు, చిరునామా, ఫోను నంబరు, చదువు, చూసే కేసుల రకం వంటి వివరాలతో వెబ్‌సైటు పెట్టుకోవడానికి బార్ కౌన్సిల్ 2008లో వీలు కల్పించింది. నంబరు పెట్టినవారు అడిగినవారికి మరునాటికైనా బదులివ్వడం న్యాయం. "ఈ కేసు నేను చూడలేను" అన్నా మేలే. కక్షిదారు మరొకరిని చూసుకుంటాడు. ఏ సంగతీ చెప్పకపోతేనే నష్టం.

అడిగేవారు కూడా కోర్టు పేరు, కేసు నంబరు, సమన్లు అందిన తేదీ, వాయిదా తేదీ తప్పక రాయాలి. రెండు రోజుల్లో బదులు రాకుంటే కాగితాలు తీసుకుని నేరుగా వెళ్లాలి.

ఫీజు ఇచ్చుకోలేనివారికి 1987 నాటి న్యాయసేవల చట్టం అండగా ఉంది. మహిళలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, వికలాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును కోరవచ్చు. కోర్టు ఆవరణలోని న్యాయసేవా కమిటీలో అడగవచ్చు, 15100కు ఫోను చేయవచ్చు, జాతీయ సంస్థ వెబ్‌సైటులోనూ దరఖాస్తు పెట్టవచ్చు. దరఖాస్తుపై 7 రోజులు మించకుండా నిర్ణయం తీసుకోవాలని నిబంధన ఉంది. కాబట్టి దరఖాస్తు నంబరు రాసిపెట్టుకుని, ఎనిమిదో రోజున "ఏమైంది?" అని అడగడానికి వెనుకాడవద్దు.