జాజ్ వాళ్ళ నడుమ మన గిరిరాజసుత

జాజ్ సంగీతం అనగానే "ఆ గోల మనకెందుకమ్మా" అని రేడియో కట్టేసేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. అలా కట్టేసేముందు ఒక్క రికార్డు గురించి చెప్పనివ్వండి.

దాని పేరు "సాటర్డే నైట్ ఇన్ బాంబే". 2000 డిసెంబరులో ముంబయిలో కచేరీ చేస్తూండగా రికార్డు చేసి, 2001లో విడుదల చేశారు. బృందం పేరు "రిమెంబర్ శక్తి". ఇంగ్లండుకు చెందిన జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు, జాకిర్ హుస్సేన్ తబలా, సెల్వగణేశ్ కంజీర, మన పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండొలిన్. వీరితో శంకర్ మహదేవన్ గాత్రం. రికార్డులో ఉన్నవి నాలుగే అంశాలు. అందులో ఒకటి ఏమిటనుకున్నారు? త్యాగరాజస్వామివారి "గిరిరాజసుతా తనయ"! బంగాళ రాగం, ఆది తాళం. సంగీతం నేర్చుకునే మన ఆడపిల్లలు పాడుకునే కృతే.

మరి జాజ్‌కీ త్యాగయ్యగారికీ ఏమిటి సంబంధం అంటారా? జాజ్ అమెరికాలోని నల్లజాతివారి సంగీతం. ముందు ఒక వరస వాయిస్తారు. ఆ పైన ఒక్కొక్కరూ వంతులవారీగా అప్పటికప్పుడు తోచినట్లు అల్లుకుపోతారు. మన విద్వాంసులు కృతిలో ఒక పాదం పట్టుకుని కల్పనస్వరాలు వేస్తారు చూడండి, ఇంచుమించు అలాంటిదే. 1960లో ఆర్నెట్ కోల్మన్ అనే ఆయన ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఎనిమిదిమందిని కూర్చుకుని, మామూలు కట్టుబాట్లు వదిలేసి, ముప్పై ఏడు నిమిషాలు ఏకధాటిగా వాయించి రికార్డు చేశాడు. దానికి "ఫ్రీ జాజ్" అని పేరు. వినడానికి అది కష్టమే సుమండీ!

ముగ్గుతో పోల్చి చూడండి. చుక్కలు పెట్టకుండా ఎనిమిదిమంది ఒకే వాకిట్లో ఎవరికి తోచిన గీత వారు గీస్తే ఎలా ఉంటుంది? చూసేవారికి చప్పున అంతుపట్టదు. శక్తి బృందంవారు చుక్కలు పెట్టుకున్నారు. రాగం ఒక చుక్క, తాళం ఒక చుక్క. వాటి మధ్య గీత ఎటు తిప్పుతారో వాళ్ళిష్టం. అందుకే పండితులు దీన్ని అచ్చమైన ఫ్రీ జాజ్ అనరు. మనబోటివాళ్ళకు మాత్రం ఇదే మంచి గుమ్మం.

"మన సంగీతాన్ని పాడుచేస్తున్నారు" అనే పెద్దలూ ఉన్నారు. ఆ మాట తీసిపారేయదగ్గది కాదు. మాండొలిన్ విదేశీ వాద్యం. మెట్లు ఉన్నాయి, మీటిన నాదం ఇట్టే ఆగిపోతుంది. గమకం ఎలా పలుకుతుంది? శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ తీసుకున్నారు. జంట తీగలకు బదులు ఒంటి తీగలు వేసి, నాలుగు వరసలను అయిదు చేశారు. గమకం పలికింది. వయొలిన్ కూడా పడమటి నుంచి వచ్చిందే కదా! ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్ విని ఇది పరాయిదని ఎవరైనా అంటారా?

ఇంకో సంగతి. మా జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతమంతా సినిమావారిదే. ఈ రోజుల్లో సినిమా పాటకు తరచుగా ఒకరు వాయించేటప్పుడు ఇంకొకరు ఉండరు. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎవరి భాగం వారు వాయించి వెళ్ళిపోతే, తర్వాత అన్నీ కలుపుతారు. అదీ ఒక నేర్పే. కానీ పక్కవాడి మాట విని జవాబు చెప్పడం అక్కడ కుదరదు. ఈ కచేరీలో ప్రాణం అంతా ఆ జవాబులోనే ఉంది. ఒకరు విసిరిన స్వరాన్ని మరొకరు అందుకుంటారు.

వినే పద్ధతి చెబుతాను. మొదట "గిరిరాజసుత" ఒక్కటే వినండి. ఎరిగిన పాట కనుక బెదురుండదు. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చేత్తో ఆది తాళం వేయండి. ఎనిమిది లెక్కలు. వాద్యాలు ఎంత దూరం పోయినా సమం దగ్గరికి ఎలా తిరిగివస్తాయో కనిపెట్టండి. రెండోసారి మాండొలిన్ మీదే చెవి పెట్టండి.

శ్రీనివాస్ 2014లో నలభై అయిదేళ్ళకే కన్నుమూశారు. 2023లో శక్తి బృందం "దిస్ మొమెంట్" అనే రికార్డు తెచ్చింది. అందులో మొదటి అంశానికి "శ్రీనీస్ డ్రీమ్", అంటే శ్రీని కల, అని ఆయన పేరే పెట్టారు. ఆ రికార్డుకు 2024లో గ్రామీ బహుమతి వచ్చింది. అదే ఏడు డిసెంబరులో జాకిర్ హుస్సేన్ కూడా వెళ్ళిపోయారు. ఇక ఆ కూర్పును ఎదురుగా కూర్చుని వినే యోగం ఎవరికీ లేదు. రికార్డు మాత్రం ఉంది. వంటింటి పని తెమిలాక ఒక సాయంత్రం దానికి కేటాయించండి. సెలవు.