వయసుల లెక్కని తెలుగులో చదివితే

ప్లేస్‌మెంట్ ఆప్టిట్యూడ్ పేపర్ తీసుకోండి, గ్రూప్స్ పేపర్ తీసుకోండి, వయసుల లెక్క ఎక్కడో ఒకచోట తగులుతుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు తెలుగు మీడియంలో చదివొచ్చిన మన ఫ్రెండ్స్ కొందరు దాన్ని చూడగానే వదిలేసి పక్క ప్రశ్నకి పోతారు. ఈక్వేషన్ రాక కాదు, ఆ ఇంగ్లిష్ వాక్యం విప్పేసరికే టైమ్ అయిపోతుంది. నేనేమో మొదటి నుంచీ ఇంగ్లిష్ మీడియం. అయినా ఈ లెక్కని మాత్రం మనసులో తెలుగులోకి తిప్పుకునే చేస్తా.

ఎందుకంటే, 'మదర్ ఈజ్ థ్రైస్ యాజ్ ఓల్డ్ యాజ్ డాటర్' అన్నప్పుడు మదర్ పక్కనే థ్రైస్ ఉంటుంది. చెయ్యి తొందరపడి మూడుని తల్లికి తగిలిస్తుంది. తెలుగులో "తల్లి వయసు కూతురి వయసుకి మూడింతలు" అంటాం. ఆ 'కి' ఎవరికి అంటుకుందో మూడు వాళ్లదే. త = 3క.

ఇప్పుడు మూడింతలు, పన్నెండేళ్ల తర్వాత రెండింతలు అనుకుందాం. పన్నెండేళ్లు ఇద్దరికీ గడుస్తాయి కదా:

3క + 12 = 2(క + 12)

క = 12, తల్లికి 36. పన్నెండేళ్లు కలిపితే 24, 48. సరిపోయింది. బ్రాకెట్ మర్చిపోయి కుడివైపు 2క + 12 అని రాస్తే క సున్నా అవుతుంది. పాపతో పాటు తల్లి కూడా ఈరోజే పుట్టినట్టు!

జవాబు మైనస్‌లో వస్తే కంగారొద్దు. తల్లికి 40, కూతురికి 16, ఎన్నేళ్లకి మూడింతలు? 40 + ట = 3(16 + ట). ట = −4. అంటే నాలుగేళ్ల కిందటే అయిపోయింది. వయసుల తేడా ఎప్పటికీ అంతే ఉంటుంది, 'ఇంతలు' మాత్రం ఏటా తగ్గుతూ పోతాయి.

మనుషులే కానక్కర్లేదు. తెలంగాణ 2014 జూన్ 2న ఏర్పడింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పాత మహబూబ్‌నగర్ నుంచి విడిపోయి 2016 అక్టోబర్ 11న జిల్లాలయ్యాయి. తేడా 862 రోజులు. రాష్ట్రం వయసు ఈ జిల్లాల వయసుకి రెండింతలు ఎప్పుడైంది? జ + 862 = 2జ, కాబట్టి జ కూడా 862. క్యాలెండర్‌లో లెక్కేస్తే 2019 ఫిబ్రవరి 20. (దానికి మూడు రోజుల ముందే నారాయణపేట కూడా జిల్లా అయింది, అది వేరే సంగతి.) మూడింతలు ఎప్పుడైందో మీరు చేయండి. 2017 డిసెంబర్‌లో పడాలి.