కుంట అంచున నీరుబ్రాహ్మి

మీ పాఠశాల తోటలో చిన్న నీటికుంట ఉందా? ఉంటే దాని అంచును ఒకసారి చూడండి. సగం నీరు, సగం బురదగా ఉండే ఆ జానెడు మేర సాధారణంగా బోడిగానే ఉంటుంది. అక్కడ బంతి నాటినా, చామంతి నాటినా వేళ్లు కుళ్లిపోతాయి. అటువంటి చోటనే హాయిగా పెరిగే మన దేశపు బహువార్షిక మొక్క నీరుబ్రాహ్మి. దీని శాస్త్రీయ నామం బకోపా మొన్నియెరి.

వరిపొలాల గట్ల మీద, కాలువల ఒడ్డున నేలను పాకుతూ మీకు ఇది కనిపించే ఉంటుంది. ఆకులు ఎదురెదురుగా, కాడ లేకుండా, దళసరిగా, బుల్లి గరిటెల్లా ఉంటాయి. ఆకు మొదట్లో ఒక్కొక్క పువ్వే పూస్తుంది. రంగు తెలుపు లేదా లేత ఊదా. సరస్వతి ఆకును కూడా కొందరు బ్రాహ్మి అంటారు. అది కొత్తిమీర కుటుంబానికి చెందిన వేరే మొక్క; ఆకు గుండ్రంగా, పొడవైన కాడతో ఉంటుంది.

బంతి కుళ్లిన చోట ఇది ఎలా బతుకుతుంది? వేళ్లకూ శ్వాసక్రియ ఉంది, ఆక్సిజన్ కావాలి. మట్టి రేణువుల మధ్య ఖాళీలు నీటితో నిండితే ఆ వాయువు అందదు. ఎందుకంటే గాలిలో కన్నా నీటిలో ఆక్సిజన్ సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. ఆ కాస్తనూ బురదలోని సూక్ష్మజీవులు వాడేసుకుంటాయి. నీరుబ్రాహ్మి కాండంలో గాలి గదులున్న మృదు కణజాలం ఉంది. పైనున్న ఆకుల నుంచి ఆక్సిజన్ ఆ గదుల గుండా వేళ్లకు దిగుతుంది. కాండాన్ని నీటిలో ముంచి తుంచి, మెల్లగా నొక్కండి. బుడగలు పైకి వస్తాయి.

పెంచడానికి విత్తనాలతో పని లేదు. తొలకరి తరువాత చూపుడువేలంత కొమ్మను తుంచి, రెండు కణుపులు బురదలో ఉండేలా, ఎండ తగిలే చోట గుచ్చండి. కొనలు మాత్రం నీటి పైన ఉండాలి. కణుపు కణుపుకూ వేళ్లు పుట్టి మొక్క తనంతట తానే పరచుకుంటుంది.

పరీక్షలు దగ్గరపడగానే జ్ఞాపకశక్తి కోసమని ఈ ఆకు నమిలేవారున్నారు. మనుషుల మీద జరిపిన పరీక్షలలో ఇచ్చినది కొలత ప్రకారం తయారుచేసిన సారం, అదీ వారాల తరబడి. ఫలితాలు అన్నిటా ఒకేలా లేవు. అంతకన్నా ముఖ్యమైన విషయం ఇంకొకటి. ఈ మొక్క నీటిలోని కాడ్మియం, సీసం వంటి భారలోహాలను పీల్చి తనలో దాచుకుంటుంది. ఆకు పచ్చగా నిగనిగలాడుతున్నా లోపల ఏముందో కంటికి తెలియదు. కనుక మురుగు కలిసే కుంట అంచున పువ్వుల కోసమే పెంచండి. అక్కడ కత్తిరించిన కొమ్మలను పశువులకు వేయకండి, కూరమడుల ఎరువులోనూ కలపకండి.