బస్సు క్రింది గాలితిత్తులు

పల్లెవెలుగు బస్సు చివరి వరుసయందు ప్రయాణము చేసినవారికి రోడ్డు గుంతలను గూర్చి వేఱుగ చెప్పనక్కఱలేదు. అయితే ఆ బస్సు నిండుగా నున్నప్పటికంటె ఖాళీగా నున్నప్పుడే మిక్కిలి కుదుపునని మీరు గమనించితిరా? ఆస్పత్రికి పోవు గర్భిణికిని, విఱిగిన కాలికి కట్టుతో నున్న ముదుసలికిని ఇది చిన్న సంగతి కాదు.

కారణము కమానుపట్టీలయం దున్నది. ఉక్కు కమాను బిగువు తయారైననాడే నిర్ణయమగును. ఏబదిమంది యెక్కినను తాళునట్లు దానిని చేయవలయును గదా! కావున అయిదుగురే యున్న దినమున అది వారికి మితిమీఱిన బిగువు. పట్టీల నడుమ రాపిడిచే చిన్న గతుకులకు అది వంగనే వంగదు.

ఇప్పుడు సైకిలుపంపు మూతిని బొటనవ్రేలితో గట్టిగా మూసి పిడిని నొక్కిచూడుడు. మొదట సులువుగా దిగును, దిగినకొలది ఎదురుత్రోయును, విడిచినచో పైకి లేచును. ఉష్ణోగ్రత మాఱకున్నచో, ఘనపరిమాణము సగమైన గాలికి పీడనము రెట్టింపగునని రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించెను. ఆ సూత్రమే బస్సు క్రిందను పనిచేయుచున్నది. నూలుపోగులవంటి గట్టి దారములు పొదిగిన రబ్బరుతిత్తిని ఇరుసునకును బస్సు చట్రమునకును నడుమ అమర్చి, కంప్రెసరుతో గాలి నింపుదురు. మెకానిక్కులు దీనిని బెల్లో అందురు.

ఒక తిత్తి బరువు మోయు వైశాల్యము 500 చదరపు సెంటీమీటర్లనుకొందము. చదరపు సెంటీమీటరునకు 3 కిలోల ఒత్తిడిగల గాలి 1500 కిలోలను మోయును. 5 కిలోలైనచో 2500. తిత్తి అదియే, గాలి మాత్రమే హెచ్చినది. దీనిని హెచ్చించుటకు డ్రైవరు దిగిరానక్కఱలేదు. చట్రమునకు బిగించిన వాల్వునుండి ఒక చేయి ఇరుసువఱకు సాగియుండును. జనము ఎక్కి బస్సు క్రుంగగానే ఆ చేయి పైకి లేచి గాలిని లోనికి విడుచును. జనము దిగి బస్సు లేవగానే అధికమైన గాలి బుస్సుమని వెలికిపోవును. ప్రతి గతుకునకును తొందరపడకుండ వాల్వును మందముగానే చేయుదురు.

బరువుతోపాటు బిగువును మాఱుటచే, ఖాళీ బస్సును నిండు బస్సును ఇంచుమించు ఒకే రీతిగా ఊగును. ఇదియే గాలితిత్తి గొప్ప.

లోపములు లేకపోలేదు. కమాను ఇరుసును ముందు వెనుకలకు కదలనీయక పట్టియుంచును. తిత్తి కట్లు లేని మూటవంటిది, దానికి ఉక్కు కడ్డీలు తోడు కావలయును. ఊపు నణచుటకు షాక్ అబ్జార్బర్లును వలయును. తిత్తి పగిలినచో బస్సు లోపలి రబ్బరుదిమ్మపై కూర్చుండును. అప్పుడు మెల్లగా షెడ్డునకు చేర్చుటయే మార్గము. బ్రేకులకును ఈ కంప్రెసరే ఆధారమగుటచే, తిత్తి కారినను బ్రేకుల గాలి పోకుండ వేఱు వాల్వు కాపాడును.

అమెరికాలో జనరల్ మోటార్స్ వారు 1953లోనే బస్సులకు వీనిని అమర్చిరి. మన దేశమున 2001లో వచ్చిన వోల్వో బస్సులతో ప్రయాణికులకు వీని సుఖము బాగుగా తెలిసినది.

కొన్ని నగర బస్సులలో మఱియొక సౌకర్యము కలదు. స్టాపునందు డ్రైవరు మీట నొక్కగా ఎడమప్రక్క తిత్తులలో గాలి తగ్గి, బస్సు ఒంటెవలె ఆ ప్రక్కకు వంగును. మెట్టు కొన్ని సెంటీమీటర్లు దిగును. చేతికఱ్ఱతో నున్న అవ్వ యెక్కి కూర్చున్న పిమ్మట, తిత్తులు మరల నిండి బస్సు లేచును.