చిన్న ఊరి ప్రేమ నవలలు మనకెందుకు నచ్చుతాయి?

“నవలలు చదివితే ఆడపిల్లలు చెడిపోతారు” అనే మాట వినకుండా పెరిగినవాళ్ళు మన హాస్టల్లో ఎవరూ ఉండరనుకుంటాను. నేనూ విన్నాను, అయినా చదివాను. పదో తరగతిలో సాంఘిక శాస్త్రం పుస్తకం మధ్యలో పెట్టుకొని, స్టడీ అవర్లో చదివాను. ఇప్పుడు ఉస్మానియా యూనివర్సిటీలో ఎం.ఏ. తెలుగు చదువుతూ అవే నవలల మీద సెమినార్ పేపర్ రాశాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేనే. అందుకే వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమని చెల్లెళ్ళు అడిగినప్పుడు, మనమంతా దాచుకొని చదివే ఈ పుస్తకాల గురించే రాద్దామనుకున్నాను.

ముందు ఒక సంగతి చెప్పాలి. మా అమ్మ బీడీలు చేస్తది. సెలవుల్లో ఇంటికి పోతే వాకిట్లో నలుగురైదుగురు ఆడవాళ్ళు ఒడిలో చాటలు పెట్టుకొని ఆకు చుడుతుంటే, నేను మధ్యలో కూర్చొని నవల పైకి చదివేదాన్ని. మా ఊరి టీచరమ్మ పాత వారపత్రికల్లోని సీరియల్ పేజీలు చించి, దారంతో కుట్టి దాచుకున్న పుస్తకాలవి. హీరో కారు దిగి ఇంట్లోకి వస్తున్న చోట అమ్మ ఒకసారి నన్ను ఆపింది.

“బిడ్డా, ఆ కారు తోలేటాయన పేరేంది?”

వెనక్కి తిప్పి చూశాను. “పేరు రాయలేదమ్మా.”

“అయితే గాయన మన అసొంటోడే అయి ఉంటడు” అని మళ్ళీ ఆకు చుట్టసాగింది.

ఆ మాట నాకు చాలా ఏళ్ళు అర్థం కాలేదు. ఈ వ్యాసం ఆ మాట గురించే.

ఈ నవలలు ఎక్కడివి?

1960ల నుంచి 1980ల దాకా తెలుగు వారపత్రికలకు సీరియల్ నవలే ప్రాణం. యద్దనపూడి సులోచనారాణి, కోడూరి కౌసల్యాదేవి, ముప్పాళ్ళ రంగనాయకమ్మ, మాదిరెడ్డి సులోచన వంటి రచయిత్రుల కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూసేవారు. సీరియల్ అయిపోయాక పుస్తకంగా వచ్చేది, అద్దె పుస్తకాల షాపుల్లో చేతులు మారేది, ఆ తర్వాత సినిమా అయ్యేది. కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ సినిమాగా, ‘ప్రేమనగర్’ 1971లో అదే పేరుతో వచ్చాయి. యద్దనపూడి ‘మీనా’ 1973లో, ‘సెక్రటరీ’ 1976లో తెరకెక్కాయి.

యద్దనపూడిది కృష్ణా జిల్లా కాజ గ్రామం. 2018లో ఆమె చనిపోయారు. ఆమె నవలలంటే అందరూ పొడుగాటి కారు, ఆరడుగుల హీరో అంటారు. కానీ ‘సెక్రటరీ’లో జయంతి తన కాళ్ళ మీద తాను నిలబడటానికి ఉద్యోగం చేసే అమ్మాయి. ఆ రోజుల్లో చదివే ఆడపిల్లలకు కారు కంటే ఆ ఉద్యోగమే పెద్ద ఆశ అయి ఉండవచ్చు.

ఇప్పుడు అద్దె షాపులు దాదాపుగా పోయాయి. కానీ చదవడం పోలేదు. తార్నాక మెట్రో స్టేషన్లో నిలబడి చూడండి, సెల్‌ఫోన్లో ‘ప్రతిలిపి’ తెరిచి సీరియల్ చదివే అమ్మాయి కనిపిస్తుంది. కథ వచ్చే దారి మారింది గానీ, తర్వాతి భాగం కోసం ఎదురుచూడటం మారలేదు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతికితే పాత నవలలు ఇప్పటికీ దొరుకుతాయి.

కిటుకు ఎక్కడుంది?

చిన్న ఊళ్ళో జరిగే ప్రేమకథ నచ్చడానికి నాకు తోచిన కారణాలు మూడు.

మొదటిది, అందరికీ అందరూ తెలిసిన ఊరు. హైదరాబాదులో ఇద్దరు మాట్లాడుకుంటే ఎవరూ పట్టించుకోరు. చిన్న ఊళ్ళో బస్టాండులో మాట్లాడితే సాయంత్రానికి ఇంట్లో తెలుస్తుంది. అందువల్ల చిన్న మాట కూడా పెద్ద సంఘటన అవుతుంది. ఒక చూపు, ఒక ఉత్తరం చాలు, అధ్యాయం నడుస్తుంది. వేరే విలన్ అక్కర లేదు, ఊరి నోరే విలన్.

రెండవది, తిరిగి రావడం. ‘మీనా’లో పట్నంలో తల్లి కట్టుబాట్ల మధ్య పెరిగిన అమ్మాయి మేనమామ పల్లెకు వెళ్ళి, అక్కడి మనుషులనూ బావనూ ఇష్టపడుతుంది. ఈ దారి ఒక్క తెలుగులోదే కాదు. అమెరికాలో రాబిన్ కార్ 2007లో మొదలుపెట్టిన ‘వర్జిన్ రివర్’ నవలల్లో కూడా పట్నం నుంచి ఒక నర్సు చిన్న కొండ ఊరికి వస్తుంది. అది 2019 నుంచి నెట్‌ఫ్లిక్స్‌లో సీరియల్‌గా వచ్చింది. ఇల్లు వదిలి వచ్చినవాళ్ళకే ఇల్లు విలువ తెలుస్తుంది. ఐదో తరగతిలోనే ట్రంకు పెట్టెతో హాస్టల్‌కు వచ్చిన మనకు ఈ కథ ఎందుకు పట్టుకుంటుందో వేరే చెప్పాలా!

మూడవది, ముగింపు ముందే తెలియడం. చివరికి వాళ్ళిద్దరూ కలుస్తారని మనకు తెలుసు. తెలిసి ఎందుకు చదువుతాం? రేపు ఏమవుతుందో తెలియని బతుకులో, ఒక్క చోటైనా మంచి జరుగుతుందన్న హామీ కోసం. ఇంగ్లండులో జేన్ ఆస్టిన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ 1813లో వచ్చింది. అదీ పల్లెటూరి పెళ్ళిళ్ళ కథే. రెండు వందల ఏళ్ళు దాటినా ముగింపు తెలిసే చదువుతున్నారు.

ఈ మూడింటినీ కలిపి చూస్తే ఒకటి అర్థమవుతుంది. ఈ నవలల్లో అమ్మాయి గెలిచేది అబ్బాయిని మాత్రమే కాదు, ఊరిని కూడా. మొదట నోరు పారేసుకున్న ఊరే చివరి పేజీలో అక్షింతలు వేస్తుంది. అసలు ఆకర్షణ అదే.

మన వాడ ఎక్కడ?

ఇప్పుడు అమ్మ ప్రశ్నకు వస్తాను. ఆ నవలల ఊళ్ళో గుడి ఉంటుంది, ఏరు ఉంటుంది, మేడ ఉంటుంది. ఊరి చివర మన వాడ ఉండదు. ఉన్నా పేరు లేని డ్రైవరు, వంటమనిషి, పాలేరు. అడ్డంకులన్నీ డబ్బు, అపార్థం, అత్తగారి పంతం. కులం అనే మాట రాదు. ఎందుకంటే ప్రేమించుకునే ఇద్దరిదీ చాలాసార్లు ఒకటే కులం, లేకపోతే బావా మరదళ్ళు.

దీనికి పెద్ద మినహాయింపు రంగనాయకమ్మ ‘బలిపీఠం’. 1960ల మొదట్లోని నవల ఇది. 1975లో దాసరి నారాయణరావు సినిమాగా తీశారు. దళితుడైన భాస్కర్ బ్రాహ్మణ వితంతువు అరుణను పెళ్ళి చేసుకుంటాడు. ఇక్కడ కథ పెళ్ళితో అయిపోదు, అక్కడే మొదలవుతుంది. తాళి కట్టినంత మాత్రాన కులం అహంకారం పోదని, అది కాపురంలోకి కూడా వస్తుందని ఆ నవల చూపిస్తుంది. నాకు నచ్చిన ముగింపు కాదు గానీ, ఆ ఇంట్లో మనవాడికి ఒక పేరుంది.

నవలకు బయట ఏం జరుగుతుందో మనకు తెలుసు. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుడిని, గర్భవతి అయిన భార్య కళ్ళముందే ఆసుపత్రి దగ్గర నరికి చంపారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష వేసింది. అదీ చిన్న ఊరి ప్రేమకథే. అక్కడ ఊరి నోరు అక్షింతల దాకా రాలేదు.

చట్టం కూడా తెలుసుకోండి. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏళ్ళు నిండితే కులమతాలతో పని లేకుండా పెళ్ళి చేసుకోవచ్చు. కానీ ముందుగా నోటీసు ఇవ్వాలి, దాన్ని వివాహ అధికారి కార్యాలయంలో అందరికీ కనపడేలా పెడతారు, అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి. నవలలో ముచ్చటగా ఉండే “అందరికీ అందరూ తెలిసిన ఊరు” ఆ నోటీసు బోర్డు దగ్గర ఎంత భయపెడుతుందో ఊహించండి.

మరి చదవాలా, వద్దా?

చదవండి. నేను ఇప్పటికీ చదువుతాను. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చొని ‘మీనా’ మళ్ళీ చదివితే ఇప్పటికీ మనసు తేలికపడుతుంది. మనసు తేలికపడటం తప్పు కాదు. కష్టపడేవాళ్ళకు అది ఇంకా ఎక్కువ అవసరం. పొద్దంతా వెయ్యి బీడీలు చుట్టే మా అమ్మకు ఆ సంతోషం వద్దనే హక్కు ఎవరికీ లేదు. చదవడం వల్లే నాకు భాష వచ్చింది, భాష వల్లే ఈ సీటు వచ్చింది.

కానీ చదివేటప్పుడు మా అమ్మలాగా చదవండి. నవ్వండి, ఏడవండి, మధ్యలో ఒకసారి ఆగి “ఆ కారు తోలేటాయన పేరేంది?” అని అడగండి. నవల మీద కోపంతో కాదు, అందులో మనకూ ఒక చోటు కావాలని.

ఆ చోటు మనకు ఇంకెవరో ఇచ్చేదాకా ఆగనక్కర లేదు. వచ్చే ఏడాది ఈ సంచికకు మీలో ఎవరైనా ఒక ప్రేమకథ రాయండి, రెండు పేజీలైనా చాలు. మన ఊరు, మన వాడ, సెలవుల్లో ఇంటికి పోయే బస్సు అందులో ఉండాలి. అందులో అందరికీ పేర్లు పెట్టండి. ముగింపు మాత్రం మంచిగానే రాయండి. నేను దాన్ని తీసుకుపోయి, బీడీల చాటల మధ్య కూర్చొని పైకి చదువుతాను.